ఆరుద్ర పురుగు ఈ ఏడాది ఎవరికైనా కనిపించిందా?

మట్టివాసన
జులై 1, రాత్రి 9:12

అందరికీ నమస్తే. అడగాల్సింది ఒక్క ముక్కే, కానీ దాని వెనక కథ కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయి రెండో తరగతి. వానాకాలం మీద బొమ్మ వేసుకు రమ్మని బళ్ళో చెప్పారట. గొడుగు వేసింది, కప్పను వేసింది, కాగితం పడవ వేసింది. "ఆరుద్ర పురుగును మర్చిపోయావు బుజ్జీ" అన్నాను. "అదేంటి నాన్నా?" అంది. ఫోన్లో ఫొటో వెతికి చూపించాను. "బాగుంది" అని మళ్ళీ గొడుగుకు రంగు వేసుకుంటూ కూర్చుంది. ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నేను చూపించింది ఒక ఎర్ర చుక్క, అంతే. నేను దాన్ని ఎరిగిన తీరు వేరు.

మాది సూర్యాపేట వైపు ఒక పల్లె. మృగశిర పోయి ఆరుద్ర కార్తె వచ్చాక గట్టి వాన ఒకటి పడి, తెల్లారి కాస్త ఎండ కాస్తే చాలు, ఊరి బయట చెలక గట్ల మీద ఎర్రెర్రగా కదిలేవి. ఇంట్లో అగ్గిపెట్టె ఖాళీ అయ్యేదాకా ఆగే ఓపిక ఎక్కడిది, పుల్లలన్నీ పొయ్యి పక్కన కుమ్మరించి పెట్టె పట్టుకుని పరుగెత్తేవాణ్ణి. అడుగున నాలుగు గడ్డిపరకలు పరిచి, వేళ్ళతో నొక్కకుండా ఆకు మీదికి ఎక్కించి ఒక్కోదాన్నీ అందులోకి జార్చాలి. అరచేతిలో పెట్టుకుంటే ముందు కాళ్ళన్నీ ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. అరచేతిలో కుంకుమబొట్టు పెట్టినట్టే. ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చుంటే కాసేపటికి ముందు రెండు కాళ్ళు బయటికి వస్తాయి, తర్వాత మిగతావి. అప్పుడు చేతి మీద సన్నగా గిలి పుడుతుంది, వెంట్రుకతో రాసినంత. ఆ గిలి కోసం ఎంతసేపైనా కూర్చునేవాణ్ణి. వేలితో వీపు నిమిరితే ముఖమల్ గుడ్డే.

మా నాయనమ్మది ఒక్కటే షరతు. "ఆడుకున్నంతసేపు ఆడుకో. పొద్దుగూకకముందే ఏ గట్టు మీద పట్టినవో ఆ గట్టు మీదనే ఇడిచిపెట్టి రా." ఇంకో గట్టు మీద వదిలితే ఒప్పుకునేది కాదు, చీకటి పడుతున్నా వెనక్కి పంపేది. ఆ పురుగు కనిపించిందంటే నేల లోపలిదాకా తడిసినట్టని, ఇక విత్తనం పెట్టొచ్చని మా తాత లెక్క.

ఇప్పుడు మేముండేది హైదరాబాద్‌లో. అపార్ట్‌మెంట్ చుట్టూ గేటు దాకా టైల్సే. దగ్గర్లో రెండు ఖాళీ ప్లాట్లు ఉంటే, రెండు ఆదివారాలు పొద్దున్నే అమ్మాయిని తీసుకెళ్ళి వెతికాను. గాజుపెంకులు, సిమెంటు సంచులు, పిచ్చితుమ్మ. పురుగు మాత్రం లేదు.

ఈ ఏడాది మీలో ఎవరికైనా కనిపించిందా? ఎక్కడ? అలాగే చిన్నప్పుడు మీ మనసును అలా పట్టేసినది ఏదైనా ఉంటే రాయండి. పురుగో, పిట్టో, చెట్టో, ఏదైనా సరే.

లంకపిల్ల
జులై 1, రాత్రి 10:05

మా కోనసీమ లంకల్లో నాకు ఆ పురుగు పెద్దగా గుర్తు లేదండీ. నాకు గుర్తున్నదల్లా తాటిచెట్టే.

ఎండాకాలం సెలవుల్లో నాన్నగారు గెలలు దింపించేవారు. ముంజెలు బొటనవేలితో తోడుకుని తినడం ఒక ఎత్తు, ఆ తర్వాత బండి కట్టడం ఒక ఎత్తు. ఒకే సైజు కాయలు రెండు ఏరుకోవాలి, అక్కడే అన్నదమ్ములకీ మాకూ తగువు. వెదురుపుల్ల ఇరుసుగా రెండు కాయల నడుముల్లోంచి దూర్చి, పొడుగాటి పంగకర్రను ఆ పుల్లకి ఆనించి తోసుకుంటూ పరుగెత్తాలి. కాయ పచ్చిగా ఉన్నంతసేపూ బండి బరువుగా, నిండుగా నడుస్తుంది. రెండు రోజులకి ఎండి ముడుచుకుపోయి చక్రాలు ఊగుతాయి. అప్పుడు మళ్ళీ ముంజెలు తినక తప్పదు కదా!

వానలకి తాటిపళ్ళు రాలేవి. పొయ్యిలో కాల్చిన తాటిపండు వాసన వీధి చివరిదాకా వచ్చేది. ఆ టెంకల్ని నాన్నగారు మాచేతే పెరట్లో పాతర వేయించేవారు. చలికాలం వచ్చాక తవ్వితే తేగలు. టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు. ఏ నెలలో ఆ చెట్టు దగ్గర ఏముంటుందో మాకు క్యాలెండర్ అక్కర్లేకుండా తెలిసేది. నేను బోటనీ చదవడానికి కారణం ఏ మాస్టారూ కాదు, ఆ పాతరే. మట్టిలో పెట్టినది ఏమైందోనని రోజూ తవ్వి చూసి నాన్నగారితో తిట్లు తిన్న పిల్లని నేను.

బర్లకాపరి
జులై 2, ఉదయం 6:40

కనిపించింది అన్నా. మాది జగిత్యాల దగ్గర. నాలుగు రోజుల కింద గుట్ట వైపు బాటలో చూసిన, ఒక్కచోటనే ఏడెనిమిది. పత్తి చేన్లల్లో మాత్రం ఒక్కటి కూడ లేదు. నా చిన్నప్పుడు చేన్లల్లోనే ఉండేవి. మీరు వెతికితే దున్నని జాగల, గడ్డిమందు కొట్టని జాగల వెతకండి. వాన పడ్డ తెల్లారి పొద్దుగాలనే పోవాలె, ఎండ ముదిరితే లోపలికి పోతయి.

ఇంకో మాట కూడ చెప్పాలనిపించింది. ఇట్లాంటి చర్చల్లో అందరూ "ఆడుకున్న రోజులు" అని రాస్తరు. నాకు ఆరేండ్లప్పుడే మా బాపు చేతికి కట్టె ఇచ్చి బర్ల వెంబడి పంపిండు. బడి సగం రోజు, బర్లు సగం రోజు. ఎండ, ఆకలి, ఒక్క బర్రె ఎవరి చేన్లనో పడితే తిట్లు. దాన్ని ఆట అనలేను. కానీ నాకు తెలిసిందంతా అక్కడనే తెలిసింది, అది కూడ నిజమే.

ఒకటి చెప్తా. చెరువు ఎండిన శిఖం భూమిల తీతువు పిట్ట గుడ్లు పెడుతది. గూడు లేదు, పుల్ల లేదు, ఉత్త నేల మీద నాలుగు గుడ్లు. సన్న కొసలు నాలుగూ లోపలి దిక్కు తిప్పి పువ్వు లెక్క పెట్టుకుంటది. పక్కన ఉన్న గులకరాళ్ళ రంగే, మచ్చలు కూడ అవే. నేను కాలు పెట్టబోయిన. పిట్ట వచ్చి నా నెత్తి మీదుగ కొట్టినంత పని చేసింది, ఒకటే అరుపు. కింద చూస్తే నా బొటనవేలికి జానెడు దూరంల గుడ్లు. ఆ రోజు బర్లను అటు రానియ్యలేదు. తుమ్మకంప తెచ్చి చుట్టూ వేసిన. రోజూ పోయి దూరం నుంచి చూసుడు. నెల కావొస్తుంటే ఒకనాడు పోతే పెంకులు తప్ప ఏమీ లేవు. కుక్క తిన్నదనుకుని ఏడ్చిన. పిట్ట మాత్రం ఇంకా అరుస్తనే ఉన్నది. కూసుండి చూస్తే నా ముందటనే మట్టి కదిలింది. పిల్లలు! పుట్టిన రోజే నడుస్తయట, తల్లి అరిస్తే నేలకు కరుచుకుని పడుకుంటయి. మట్టికీ వాటికీ తేడా తెలుస్తలేదు.

అది ప్రేమ అని అప్పుడు తెలియదు. కంప వేసిన, అంతే.

పరదేశి
జులై 2, ఉదయం 8:30

బర్లకాపరి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. పొద్దున్నే కళ్ళు తడిశాయి.

నేను టెక్సాస్‌లో ఉంటాను, సొంతూరు ఒంగోలు దగ్గర. నాకు గుర్తున్నది చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. వానలు తగ్గుముఖం పట్టేటప్పుడు మా బడి గ్రౌండ్ మీద తూనీగలు మబ్బులా తిరిగేవి. మేం వాటిని పట్టి తోకకి దారం కట్టి ఎగరేసేవాళ్ళం. దాంతో చిన్న రాళ్ళు ఎత్తించేవాళ్ళం. సాయంత్రానికి దారంతో పాటే చచ్చిపోయి ఉండేవి. వారాల తరబడి అదే ఆట. మా బాల్యం స్వర్గం అని పిల్లలకి చెప్పుకుంటాం గానీ తూనీగలకి అది ఏమిటో నాకిప్పుడు తెలుసు.

మా అబ్బాయికి పదేళ్ళు. వాడికి ఇక్కడ పార్కులున్నాయి, బాటలున్నాయి, ఎక్కడ చూసినా "ముట్టుకోవద్దు" బోర్డులున్నాయి. వాడు దేనికీ హాని చెయ్యలేదు. దేన్నీ ఇష్టపడటం కూడా లేదు. ఇందులో ఏది నయమో నాకు తేలడం లేదు.

గిజిగాడు
జులై 2, మధ్యాహ్నం 1:15

పరదేశి గారూ, మీరు దారం కట్టిన తూనీగ గురించి నాకు తెలిసింది చెప్తాను. బహుశా మీకు ఇంకా బాధ కలుగుతుంది, అయినా తెలియాలి.

వానాకాలం చివర్లో మైదానాల మీద గుంపులుగా తిరిగే ఆ పసుప్పచ్చ తూనీగ చాలావరకు ఒకటే జాతి, పంటాలా ఫ్లావెసెన్స్. వాననీటి గుంటల్లో గుడ్లు పెడుతుంది, కొన్ని వారాల్లోనే పిల్లలు రెక్కలొచ్చి లేస్తాయి, ఎందుకంటే ఆ గుంటలు ఎండిపోయేలోపు పని ముగించుకోవాలి. మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే సముద్రజీవ శాస్త్రవేత్త, మంచినీళ్ళే సరిగ్గా లేని ఆ దీవులకి ఏటా అక్టోబరు నుంచి వేల తూనీగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని ఏళ్ళ తరబడి లెక్క రాసుకుని, 2009లో ప్రచురించాడు. అవి మన వైపు నుంచి గాలివాటున హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వెళ్తున్నాయని ఆయన చెప్పాడు. పోయినవి తిరిగి రావు. వాటి పిల్లలు, మనవలు వర్షాల వెంటే ప్రయాణం చేసి మళ్ళీ ఇక్కడికి చేరతాయి. ఒక్క చుట్టు పూర్తి కావడానికి నాలుగు తరాలు పడుతుంది. ఒంగోలు బడి గ్రౌండ్ మీద తిరిగినవి సముద్రం దాటడానికి సిద్ధమవుతున్నవి కావచ్చు.

నాదీ అలాంటి లెక్కే. పన్నెండేళ్ళదాకా నా మెడలో గులేరు వేలాడేది (పంగలకర్ర అంటే కొందరికి తెలుస్తుంది). గురి బాగా కుదిరేది, ఊళ్ళో పేరు కూడా ఉండేది. ఒకరోజు బావి మీదికి వాలిన ఈతచెట్టుకి కట్టిన గిజిగాడి గూడు ఒకటి కొట్టి కింద పడేశాను. కూర్చుని విప్పుదామనుకున్నాను. విప్పడం రాలేదు. గోళ్ళతో పీకినా ఒక పోగు కింద ఇంకో పోగు, దాని కింద ముడి. చేతులు లేని పిట్ట ముక్కుతో వేసిన ముడి నేను పది వేళ్ళతో విప్పలేకపోయాను. ఆ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాను. మర్నాటి నుంచి గులేరు లేకుండా అదే బావి దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

అల్లేది మగపిట్ట. గూడు సగం అయ్యేసరికి, హెల్మెట్ బోర్లించినట్టు ఉన్నప్పుడే, ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుని చూస్తుంది. నచ్చితే మిగతాది పూర్తవుతుంది, లేకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. చెట్టుకి తూర్పు వైపే ఎక్కువ గూళ్ళు ఉండేవి. నైరుతి గాలుల దెబ్బ తగలకుండా అని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఈ పిట్టల కాపురాల సంగతి విడమర్చి రాసింది పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు. ఆయన కూడా చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టి, దాని మెడ మీద పసుపు మచ్చ చూసి అదేమిటో తెలుసుకుందామని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళినవాడే. 1931లో మన హైదరాబాద్ సంస్థానంలో పిట్టల సర్వే చేసిందీ ఆయనే.

ఆరుద్ర పురుగు మాటకొస్తే, పురుగు అంటాం గానీ అది సాలీడుకు చుట్టం. ఎనిమిది కాళ్ళు లెక్కపెట్టండి. పిల్లదశలో మిడతల లాంటి వాటి ఒంటిని కరిచిపట్టుకుని బతుకుతుంది, పెద్దయ్యాక మట్టిలో పురుగుల గుడ్లు తింటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోపలే. మధ్య భారతంలో మందుకోసమని సంచుల్లో ఏరి అమ్మేస్తున్నారు. కాబట్టి నా మాటగా ఒకటి, ఇప్పుడు పిల్లలకి పట్టుకోవడం నేర్పకండి. కూర్చుని చూడటం నేర్పండి చాలు.

సీమరేగు
జులై 2, రాత్రి 8:50

పైన రాసినవాళ్ళలో చాలామంది మగపిల్లలే అని గమనించారా? లంకపిల్ల గారి కథ కూడా పెరడు దాటలేదు.

మాది అనంతపురం జిల్లా. పదకొండేళ్ళ వరకు నేనూ తిరిగాను. రేగుకంపల్లో గౌను చింపుకున్నాను, మా అవ్వతో కట్టెలకి కొండకి పోయి కలేపళ్ళు ఒడి నిండా తెచ్చుకున్నాను. ఆ జిగురు పెదాలకంటుకుని రెండు రోజులు పోయేది కాదు. సీతాఫలం కాయ ఎప్పుడు కోయాలో మా అవ్వ కన్ను చూసి చెప్పేది. గీతల మధ్య తెల్లగా విచ్చుకుంటే కన్ను తెరిచిందనేది. పన్నెండో ఏడు వచ్చింది. ఒక రోజు పొద్దున లేచేసరికి ఇక బయటికి పోవద్దన్నారు. నిన్నటిదాకా పోయిన కొండే, ఈ రోజు పోకూడదు. మా తమ్ముడు మాత్రం పోతున్నాడు. వాడు తెచ్చిన పళ్ళు నేను తినలేదు చాలా రోజులు.

మిద్దె ఒక్కటే మిగిలింది నాకు. సాయంత్రం చిలకల గుంపులు ఏ వేళకి ఏ దిక్కుకి పోతాయో రాసుకునేదాన్ని, లెక్కల నోటు వెనక పేజీల్లో. ఆ నోటు ఇప్పటికీ ఉంది. పట్టుకోకుండా కూర్చుని చూడటం అన్నారు గిజిగాడు గారు. నాకు ఆ చూడటమే దక్కింది. కానీ చూసి ప్రేమించానంటే, అంతకు ముందు పదకొండేళ్ళు ముట్టుకున్నాను కాబట్టే. చిలక ఈక ఒకటి దొరికితే పుస్తకంలో దాచుకుని, దాని మీద వేలు ఇటు రాస్తే నునుపు, అటు రాస్తే గరుకు అని తెలుసుకున్నాను కాబట్టే పైన పోయే గుంపు నాది అనిపించింది. అసలు చెయ్యే వెయ్యని పిల్లకి ఆ గుంపు ఎందుకు పడుతుంది?

గునుగుపువ్వు
జులై 2, రాత్రి 9:30

సీమరేగు అక్కా, మా దగ్గర ఏడాదికి తొమ్మిది రోజులు ఆ తలుపు తెరిచేవాళ్ళు. బతుకమ్మ రోజుల్లో తెల్లారకముందే పూలకు పోవాలె, అది ఆడపిల్లల పనే. తంగేడు గుట్ట మీద, గునుగు జొన్నచేన్లల్ల, కట్లపూలు కంచెల పొంటి. మంచుకు లంగా మోకాళ్ళదాకా తడిసేది. గునుగు కట్టలు కట్టి కొసలకు రంగులు అద్దుతాం కదా, ఆ తెల్ల కొస ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా ఉండదు, చేను వాసనే ఉంటది. నాకు అదే ఇష్టం.

ఇప్పుడు మా కాలనీలో పూలు కిలో లెక్కన కొంటున్నం. బతుకమ్మ పెద్దగనే పేరుస్తం. కానీ మా కోడలుకి గునుగు ఎక్కడ మొలుస్తదో తెల్వదు. చేన్లల్ల అది కలుపు. మందు కొట్టి తీసేస్తున్నరు. ఈసారి దసరాకు ఆమెను నేనే తీసుకపోతా, మా తమ్ముని చేను గెట్టు మీద ఇంకా ఉన్నది.

చెరువుకట్ట
జులై 3, ఉదయం 7:20

అందరూ రాస్తుంటే నాకు ఒక మాట చెప్పక తప్పదు. మా క్లాసువాడు, నా పక్క బెంచీ వాడు, తొమ్మిదో తరగతి సెలవుల్లో చెరువులో పోయాడు. మట్టికోసం లోపల ఇష్టం వచ్చినట్టు తవ్విన గుంతలు. వాన నీళ్ళు నిండాక పైకి అంతా ఒకటే మట్టంగా కనిపిస్తుంది. వాడికి ఈత వచ్చు. మా తాత కాలంలో చెరువు అడుగు ఎక్కడ ఎంత లోతో ఊరందరికీ తెలుసు, అలుగు దగ్గర్నుంచి తూము దాకా చెప్పగలిగేవాళ్ళు. మా కాలానికి ఆ లెక్క తప్పిపోయింది.

నా పిల్లల్ని నేను పదేళ్ళు నీళ్ళ దగ్గరికి పోనివ్వలేదు. ఆ టెన్షన్ తెలియనివాళ్ళు "పిల్లల్ని వదిలెయ్యండి" అని తేలిగ్గా అంటారు. పోయిన ఏడాది మా చిన్నోడికి నేనే దగ్గరుండి నేర్పించాను. మా బావిలో, వీపుకి ఎండు సొరకాయ బుర్ర కట్టి, మా నాయన నాకు నేర్పినట్టే. వాడు మొదటిసారి బుర్ర లేకుండా ఒడ్డు చేరిన రోజు, మెట్ల మీద కూర్చుని నా స్నేహితుణ్ణి తలుచుకున్నాను. పిల్లల్ని పంపండి, కానీ పక్కన ఉండండి.

రెటీనా
జులై 3, మధ్యాహ్నం 2:40

నేను కళ్ళ డాక్టర్ని. చెరువుకట్ట గారి బాధ ముందు నా మాట చిన్నదే, అయినా పనికొస్తుందని రాస్తున్నాను.

మయోపియా, అంటే దూరంవి మసకగా కనిపించడం. బయట వెలుతుర్లో ఎక్కువసేపు గడిపే పిల్లల్లో ఇది మొదలయ్యే అవకాశం తగ్గుతుందని చాలా దేశాల్లో తేలింది. ఆరుబయటి వెలుతురు గదిలో లైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దానివల్ల రెటీనాలో, అంటే కంటి లోపలి తెరలో, డోపమిన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని ఎక్కువమంది పరిశోధకుల ఆలోచన. తైవాన్‌లో 2010 నుంచి బళ్ళలో పిల్లలు రోజుకు 120 నిమిషాలు బయట గడిపేలా చూశారు. అప్పటిదాకా ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపు సమస్య తగ్గుముఖం పట్టింది. చెట్టు నీడలో ఉన్నా చాలు, మాడే ఎండలో నిలబడక్కర్లేదు. అద్దాలు రాయించుకోవడానికి వచ్చిన ప్రతి తల్లిదండ్రులకీ ఇదే చెప్తాను. "టైమ్ ఎక్కడుంది డాక్టర్ గారూ, ట్యూషన్ ఉంది" అంటారు.

పంతులమ్మ
జులై 3, రాత్రి 8:10

ముట్టుకోవాలా, చూడాలా అని ఇక్కడ నడుస్తున్న మాట నాకు రోజూ బళ్ళో ఎదురయ్యేదే. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు. మాకు దగ్గర్లోనే తేలినీలాపురం. చలికాలం వస్తుందంటే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చెట్లమీదే గూళ్ళు కడతాయి. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులంటారు ఊళ్ళోవాళ్ళు. పిల్లలు కూడా ఆ మాటే అంటారు, రాయి విసరరు. సైబీరియా పిట్టలు అని అందరూ చెప్పేస్తుంటారు గానీ గూడబాతులు అంత దూరం నుంచి వచ్చేవి కావు, మన ఉపఖండంలోవే. ఈ సంగతి చెప్తే మా పిల్లలు చిన్నబోయారు మొదట. తర్వాత ఒకడు లేచి "అయితే మన పిట్టలే కదా టీచర్" అన్నాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి పోయాక బడి తెరిచిన రోజు, ఆవరణలో చింతచెట్టు పడిపోయి ఉంది. పిల్లలు పాఠం వద్దన్నారు. చెట్టు చుట్టూ చేరి కొమ్మ కొమ్మా తడిమారు. ఎప్పుడూ అందని పైకొమ్మలు అప్పుడు నేలమీదే కదా. ఒక తొర్రలో రామచిలక గూడు, ఇంకో చోట చీమలు ఆకులు కుట్టిన పొట్లాం. ఇన్ని ఇళ్ళు ఉన్నాయా ఇందులో అని మా అయిదో తరగతి పిల్ల అడిగింది. ఆ మధ్యాహ్నం వాళ్ళు నేర్చుకున్నది నేను ఏడాదంతా చెప్పినా చెప్పగలిగేదాన్ని కాదు.

అందుకని నా పద్ధతి ఒకటి పెట్టుకున్నాను. గూడు, గుడ్లు, పిల్లలు ఉంటే దూరం. రాలిన ఈక, రాలిన కాయ, మట్టి, నీళ్ళు, ఆకు, అవన్నీ చేతికి. పురుగులైతే మట్టివాసన గారి నాయనమ్మ చెప్పిన షరతు. అంతకన్నా మంచి నియమం నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

గిజిగాడు
జులై 3, రాత్రి 8:45

పంతులమ్మ గారూ, సీమరేగు గారూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేనూ ఆ ముడి విప్పడానికి చెయ్యి పెట్టాకే కదా పిట్టని చూసింది. పట్టుకున్న చోటే వదలాలన్న షరతుతో అయితే సరే.

చుక్కలరాత్రి
జులై 4, ఉదయం 5:50

చిన్న చేర్పు. ఆరుద్ర కార్తె పేరు ఆరుద్ర నక్షత్రం నుంచి వచ్చింది, బెటెల్‌గ్యూస్ అంటారు ఇంగ్లీషులో. అది కూడా ఎర్రగానే ఉంటుంది. సూర్యుడు ఆ చుక్క ఉన్న దిక్కున ఉండే రోజులు ఇవి, అందుకే ఇప్పుడు రాత్రిపూట కనిపించదు. పుష్య, మాఘ మాసాల్లో రాత్రి భోజనాలయ్యాక పాపని డాబా మీదికి తీసుకెళ్ళండి. ఓరియన్ అనే చుక్కల గుంపులో, వరసగా ఉన్న మూడు చుక్కలకి కొంచెం పైన ఎడమవైపు ఎర్రటి చుక్క. వానాకాలంలో నేలమీద ఒకటి, చలికాలంలో ఆకాశంలో ఒకటి చూపించినట్టవుతుంది.

మట్టివాసన
జులై 7, రాత్రి 10:20

ఇన్ని మాటలు వస్తాయని అనుకోలేదు. అందరికీ దండాలు. ఇంట్లో మా ఆవిడకి చదివి వినిపించాను, తీతువు పిట్ట దగ్గర తను ఆపేసి మళ్ళీ చదవమంది.

శుక్రవారం రాత్రి ఊళ్ళో వాన పడిందని చిన్నాయన ఫోన్ చేశాడు. తెల్లారుజామునే బయల్దేరి వెళ్ళాం. ముందు నా చిన్నప్పటి గట్ల మీదికే పోయాను, ఆశ చావక. సగం గట్లు లేవు, ట్రాక్టర్ తిరగడానికి కలిపేశారు. ఉన్నవాటి మీద గడ్డి మాడిపోయి ఎర్రబారి ఉంది. గంటసేపు తిరిగినా ఏమీ లేదు. అమ్మాయికి కాళ్ళు నొప్పి, నాకు గొంతులో ఏదో అడ్డం.

అప్పుడు బర్లకాపరి అన్న మాట గుర్తొచ్చింది. చిన్నాయనను అడిగితే, ఊరి వెనక బోడగుట్ట మొదట్లో ఎవరూ దున్నని జాగా కొంచెం ఉందన్నాడు. అక్కడికి పోయాం. ముందు చూసింది అమ్మాయే. "నాన్నా, బొట్టు పడిపోయింది ఎవరిదో" అంది.

ఆకు మీదికి ఎక్కించి అమ్మాయి అరచేతిలో పెట్టాను. కాళ్ళు ముడుచుకుంది. "చచ్చిపోయిందా?" అని కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. మాట్లాడకుండా కూర్చో అన్నాను. ఏడేళ్ళ పిల్ల, నిమిషం కూడా ఒకచోట కూర్చోనిది, గుట్ట కింద గొంతుక్కూర్చుని నోరు కాస్త తెరిచి అలాగే ఉండిపోయింది. ఎంతసేపో నేను చూసుకోలేదు. చిన్నాయన కూడా కండువా తీసి రాయి మీద కూర్చున్నాడు. తర్వాత దాని భుజాలు ఒక్కసారి పైకి లేచాయి. గిలి పుట్టిందన్నమాట. నా వైపు చూడలేదు. చేతినే చూస్తోంది.

కాళ్ళు లెక్కపెట్టింది, ఎనిమిది వచ్చాయి. మూడు కనిపించాయి మొత్తం. అగ్గిపెట్టె తీసుకెళ్ళాను గానీ తీయలేదు. వదిలేటప్పుడు నేను ఒక రెండడుగులు పక్కన పెట్టబోతే ఒప్పుకోలేదు, ఇక్కడ కాదు అక్కడ అని చెయ్యి పట్టుకుని లాగింది. నాయనమ్మ మాట నేను దానికి చెప్పనే లేదు. ఆ చోటు చుట్టూ మూడు రాళ్ళు పేర్చింది, దాని ఇల్లు ఎవరూ తొక్కకుండా అట. ఈ రెండు రోజుల్లో నాలుగుసార్లు చిన్నాయనకి ఫోన్ చేయించింది, రాళ్ళు ఉన్నాయా లేదా అని.

బర్లకాపరి
జులై 8, ఉదయం 6:15

మంచిగైంది అన్నా. ఆ రాళ్ళు తియ్యొద్దని మీ చిన్నాయనకు చెప్పు. మళ్ళీ ఆరుద్రకు బిడ్డ వచ్చినప్పుడు జాగ దొరకాలె కదా. బోడగుట్ట చుట్టుపక్కల తీతువు కూడ ఉంటది, ఎండాకాలం ఒకసారి తీసుకపో. కంప గుడ్లకు దూరంగ వెయ్యాలె.